ఎర్మోన్ ఎడమచెయ్యి

ఫిడేలు గుడ్డలో చుట్టు, పెరెట్. తీగలకు మంచు పడదు.
ఆరాస్ ఇంకా రెండు కోసులుంది, నడుస్తూ చెబుతాను.

కథ ఎత్తుకునే ముందు బల్ల చూడు.
ఎముకలు కుక్కలకు విసురుతున్నారనుకో,
ఎర్మోన్ చెయ్యి గొడ్డలికే పోవాలి.
వంతెన మీద, తొంభైమందికి ఒక్కడై నిలబడి,
తెగిపడ్డ చేతిని తనే వంగి తీసుకుని
ఎదుటివాడి ముఖాన విసరాలి.
అక్కడ బల్లలు గుద్దుతారు.
గుద్దనీ. నువ్వు ఊపిరి తీసుకో.

మఠంలో ఆ చెయ్యి పాపిష్టిది.
చీకట్లో తమ్ముణ్ణి పొడిచింది.
తనే నరుక్కుని, గుడ్డలో చుట్టి,
మోకాళ్ల మీద కొండెక్కి ఇచ్చుకున్నాడు.
గరిటె పట్టుకున్న సన్యాసి అలాగే ఆగిపోతాడు.
పులుసు చల్లారుతుంది.
మనకు ఆ రాత్రి రొట్టె ఒకటి ఎక్కువ.

దొరసాని గదిలో చెయ్యి చెయ్యిలాగే ఉంటుంది,
తొడుగు మాత్రం పోతుంది.
ఎవరికిచ్చాడో చెప్పకు, చెబితే కథ అయిపోతుంది.
మా తాత ఈ గది ఎరగడు.
ఆయన రోజుల్లో ఆడవాళ్లు తలుపు వెనక నిలబడి వినేవారు.
ఇప్పుడు కొవ్వొత్తులు వాళ్లవి, మన కూలీ వాళ్లది,
అందుకే ఎర్మోన్‌కు నిద్ర పట్టడం లేదు.

నవ్వుతావేం?
ఉన్ని వర్తకుల ఇంట్లో ఇంకా విచిత్రం.
చెర విడిపించుకోవడానికి అప్పు చేస్తాడు వీరుడు,
ఏడేళ్లు పట్టినా వడ్డీతో సహా తీరుస్తాడు.
లెక్క ఒక్క కాసు తప్పావా,
బల్ల కింద వేళ్లు మడుస్తున్నవాళ్లు
అక్కడికక్కడే పట్టుకుంటారు.

ఒకసారి, చాలా ఏళ్లయింది,
బట్ట తొక్కేవాళ్ల వీధిలో, డబ్బులు రాని వీధి అది,
వాన వెలిసేదాకా ఊరికే చెబుతున్నాను.
వంతెన దాటించాను, చెయ్యి తెగ్గొట్టాను, గుర్రం ఎక్కించబోయాను.
ఇజాబో అని ఒకామె, తడిబట్ట పిండుతూనే, అడిగింది:
"ఒంటిచేత్తో జీను ఎలా బిగించాడు?"

నలభై ఏళ్లుగా చెబుతున్న కథ. నోట మాట రాలేదు.

ఆమె నడుముపటకా తీసి
ఒక కొస పళ్ల మధ్య పెట్టుకుని,
మెడ ఇలా పక్కకు తిప్పి, లాగి చూపించింది.
"మా ఆయన ఇలాగే బిగించేవాడు,
మిల్లు చెయ్యి తిన్నాక," అంది.
మళ్లీ పిండుకోవడానికి పోయింది.

అప్పటినుంచి ఏ ఇంట్లోనైనా సరే
ఎర్మోన్ పళ్లతోనే వారు బిగిస్తాడు.
కోటలో ముసలిదొర తొడ చరిచి అన్నాడు గదా,
"అదీ పాతకాలపు పౌరుషం,
ఇప్పటివాళ్లు ఇలా కల్పించలేరు!"
నేను తలొంచుకుని నాణెం అందుకున్నాను.

అదిగో బురుజు. పొగ కనిపిస్తోందా?
ఇవాళ ఏ బల్లో ఇంకా తెలీదు.

ఏమిటి, అంతసేపు మాట్లాడవు?
...తొంభైమందిలో ఒక్కడికైనా పేరుందా అంటావా?
లేదు. మా తాత పెట్టలేదు, నేనూ పెట్టలేదు.
పెడితే నరకడానికి ఆలస్యమవుతుంది కదా.

పిల్ల నాకంటే నాలుగడుగులు ముందు పోతోంది,
మంచులో బూట్లు కిర్రుమంటున్నాయి.
అడుగుకో పేరు అనుకుని చూసుకుంటోంది పెదాల మధ్య,
ఒకటి బాగోలేదని తల అడ్డంగా ఊపి
ఇంకొకటి.