ఏడు నూర్ల తొంభై చుట్లు

కాగితంలో ఒక కిలోమీటరు అని ఉండాది.
గోడకి అంటించి పొయినారు, బంక ఇంకా ఆరలేదు.
గానుగోళ్ళ వీధి మునిసిపల్ ఎలిమెంటరీ బడి,
పిలకాయలు పద్దెనిమిది మంది,
దగ్గర్లోని బడిలో కలపడమైనది.
కలపడం మంచి మాటే.
పాలల్లో నీళ్ళు పోసేదాన్ని గూడా
కలపడమనే అంటారు.

నాది బడి ఎదురుగా పంచర్ల అంగడి.
ముప్పై ఏండ్లుగా ఆ గంట ఇని టీ తాగతా ఉండా.
నేనూ ఆడ నాలుగు దాకా చదివినోణ్ణే.
ఎక్కం పదమూడు కాడ ఆగిపొయినాది;
ఇప్పుటికీ పదమూడేడ్లు అంటే
టైరు తట్టు తల తిప్పుకుంటా.

తెల్లారి నాలుగున్నరకి
సత్రంలో గదులూడ్చే సెల్వి
కొండ బస్సు పట్టుకునే ముందర
కూతురు మోక్షితని నా బల్ల మింద పండబెట్టి పోతాది.
జడలు రాత్రే ఏసుంటాది.
తొమ్మిదికి గంట కొడితే
ఆ పాప రోడ్డు దాటాల, పదకొండు అడుగులు.
గుండ్లు గీసే హేమాద్రి కొడుకూ అంతే.
వాళ్ళ నాయనకి ఈ వారం ఏ షిఫ్టో
వాళ్ళ నాయనకే తెలీదు.

మీటింగుకొచ్చిన ఆఫీసరు చెడ్డోడేం కాదు,
నాకూ ఒక నీళ్ళ బాటిలిచ్చినాడు.
"దేశమంతా ఈ ఊరికొచ్చి
మూడున్నర వేల మెట్లెక్కతా ఉంటే
మీ పిల్లలు కిలోమీటరు నడవలేరా?" అన్నాడు.
అందురూ నవ్వినారు. నేనూ నవ్వినా.
వంట చేసే దిల్లెమ్మ నవ్వలా.
"మెట్లెక్కేవాళ్ళు మొక్కుకోని ఎక్కతారు సార్.
ఆరేండ్ల బిడ్డ ఏం మొక్కుకునిందని?"

ఆదివారం ఒక పాత సైకిలు బయటికి తీసినా.
టేపు పెడితే చక్రం చుట్టు రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్లు.
వాల్వు కాడ మోక్షిత రిబ్బను కట్టినా.
రిబ్బను నేలకి తగిలినప్పుడల్లా
పద్దెనిమిది గొంతులు: ఒకటి! రెండు!
నూటా పది కాడ కూరగాయల లారీలు.
రెండు నూర్ల నలభై, బ్రాందీ అంగడి,
అప్పుడే తీసుండాది.
నాలుగు నూర్లకి రైలు బ్రిడ్జి.
వాన పడి మూడు దినాలు,
నీళ్ళు ఇంకా షాహిద్ మోకాలు దాకా.
సైకిలు భుజాన ఏసుకోని దాటినా,
చిన్నోళ్ళని దిల్లెమ్మ ఒక్కొక్కరినే మోసింది.
ఆడ చక్రం తిరగలా,
అందాజుగా ఇరవై ఏసుకున్నాం.
తర్వాత ఏ బండీ ఆగని పెద్ద రోడ్డు.
ఏడు నూర్ల తొంభై.

కొత్త బడి మేడ. సున్నం కొత్తది.
అబద్ధం చెప్పకూడదు, బాగుండాది.

సోమవారం రత్నకుమారి టీచరు బోర్డు మింద హెచ్చవేసింది:
పదహారు నూర్ల ముప్పై అయిదు మీటర్లు.
"పాయింట్ మూడు, మిస్" అన్నాడు అయిదో తరగతి షాహిద్.
"అది వదిలేద్దాం లేరా."
"ఎందుకు మిస్? అది గూడా నడిచినాం గదా."

అర్జీలో పాయింట్ మూడు గూడా రాసినాం.
సంతకాలొచ్చినోళ్ళం సంతకాలు, సెల్వి వేలిముద్ర.
దాని పక్కన, ఎవురూ చెప్పకనే,
నాలిక బయటపెట్టి మోక్షిత తన పేరు రాసింది.
క్షి కాడ ఆగింది,
బడి తట్టు ఒకసారి చూసింది,
మళ్ళా దిద్దింది.