తొమ్మిదో అంతస్తు

గ్దాన్‌స్క్‌లో ఓడలు కట్టిన చోట
ఇప్పుడు ఇళ్లు లేస్తున్నాయి,
గోడకు గోడ ఆనుకుని, కిటికీ కిటికీలోకి తొంగిచూస్తూ.

నమూనా ఫ్లాటు చూస్తానని వచ్చింది బోగుమీవా.
కొనే మనిషి కాదని బూట్లు చూసే పోల్చాను.
ధర అడగలేదు. వంటగది వైపు తలైనా తిప్పలేదు.
నేరుగా బాల్కనీలోకి నడిచి
కమ్మీ పట్టుకోకుండా నిలబడింది.

"సరిగ్గా ఇక్కడే నా క్రేను గది.
పందొమ్మిదేళ్లు ఈ గాలిలోనే కూర్చున్నాను,
ఫ్లాస్కులో టీ,
కింద కొక్కేనికి నలభై టన్నుల ఇనుము."

చదరపు మీటరు లెక్కన నేనమ్ముతున్నది
ఆ గాలినే.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది:
"నవంబరులో ఉత్తరపు గాలి పొడుస్తుంది.
ఉయ్యాల ఆ మూల వెయ్యొద్దని చెప్పు,
వచ్చేవాళ్లకి."

బ్రోషరు వెనక రాసుకున్నాను.
లిఫ్టు వద్దంది.
మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగిపోయింది.