బూడిదలో పోసిన నూనె

టేపా ఊళ్ళో నా పిండిమర దగ్గరికి
ఒక కాలేజీ కుర్రాడు సంచి పట్టుకొచ్చాడు.
పేరు యియాదోమ్. గడ్డం ఇంకా సరిగా రాలేదు.
"డుఫీ అత్తా, నీ బూడిద ఒక తట్టెడు కావాలి."

నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో బూడిదంటే నేనే.
కోకో కాయలు పగలగొట్టి, గింజలు ఒలుచుకుని
డొప్పల్ని తోటల్లోనే గుట్టలు పోసి పోతారు.
వానకి కుళ్ళి, చెట్లకే నల్లతెగులు అంటిస్తాయవి.
నేను పోయి ఏరుకొస్తాను.
ఎండబెట్టి, కాల్చి, నీళ్ళు పోసి వడగట్టి
ఆ ఘాటు తేటలో పామ్ గింజల నూనె పోసి
కలిపీ కలిపీ నల్లసబ్బు తీస్తాను.
మా అమ్మా ఇదే చేసింది.
పోయేనాటికి ఆమె వేళ్ళకి గీతలు లేవు.

"సబ్బుకా?" అన్నాను.
"కాదు. డీజిల్‌కి."
వరసలో ఆడవాళ్ళు నవ్వారు,
నెత్తిమీద మొక్కజొన్న గిన్నెలు ఊగాయి.
బూడిదలో పోస్తే పన్నీరే దండగంటారు,
వీడు నూనె పోస్తానంటాడు!

నా బూడిదని మళ్ళీ కాల్చాడు.
కాలిందాన్ని కాల్చడమేమిట్రా అంటే
"ఏడువందల డిగ్రీలు, నాలుగు గంటలు.
అప్పుడు గానీ దీని ఆకలి బయటపడదు."
తెల్లబడి వచ్చింది.
నాలిక చివర పెట్టుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

నా దగ్గరి నూనె ఒక సీసా,
అక్రా నుంచి తెచ్చిన మిథనాల్ కొంచెం
(దాని ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు),
షెడ్డు వెనక, మంటకి దూరంగా,
వేణ్ణీళ్ళ తొట్టిలో గాజుకూజా పెట్టి
రెండు గంటలు తిప్పాడు.

తెల్లారి చూస్తే
కూజా వంచినా కదలని గోధుమరంగు ముద్ద.
తల పట్టుక్కూచున్నాడు.
నేను వేలితో కొంచెం తీసి, తడి చేసి, రుద్దాను.
నురగ!
"ఒరేయ్, నువ్వు చేసింది సబ్బురా.
దీనికి కాలేజీ కావాలా?"
దాంతోనే చేతులు కడుక్కున్నాను.
మంచి సబ్బే. అమ్మ చేసిందానికంటే నాసి,
కొట్లో దానికంటే మేలు.

అప్పుడు చెప్పాను:
నీ నూనెలో నీళ్ళున్నాయి.
నీళ్ళు తగిలితే బూడిదకి పాత అలవాటు గుర్తొస్తుంది.
మూకుట్లో పోసి కాచు.
చిటపట ఆగేదాకా కాచు,
ఆగాక, పొరుగింటావిడ మీద ఒక చాడీ చెప్పేంతసేపు కాచు.
వాడు నోటు పుస్తకంలో రాసుకున్నాడు:
నూట పది డిగ్రీలు, ముప్పై నిమిషాలు.

హర్మటాన్ దుమ్ము కిటికీ మీద వాలుతున్న పొద్దున
కూజాలో నూనె వేరుపడింది.
పైన పల్చగా, కొత్త తేనె రంగు.
కింద చిక్కగా గ్లిజరిన్.
అట్టడుగున నా బూడిద,
పోసినంతా పోసినట్టే కూచుని ఉంది.

"చూశావా అత్తా, అది అందులో కలవదు.
పని జరిపిస్తుంది, తను మాత్రం మారదు.
వడగట్టి మళ్ళీ వాడొచ్చు. ఉత్ప్రేరకం."
ఆ మాట చెప్పేటప్పుడు వాడు పాస్టరులా ఉన్నాడు.

మొదటిసారి నూటికి తొంభై.
రెండోసారి ఎనభై.
నాలుగోసారికి సగం.
వాడి మొహం వాడిపోయింది.
నాకేమో, ఎందుకో, ప్రాణం కుదుటపడింది.
పని చేస్తూ అరగనిది ఒకటుందంటే
నేనెలా నమ్మేది?
నా మర రాళ్ళని చూడు. నా మోకాళ్ళని చూడు.

శనివారం ఇంజన్లో పోశాం.
హ్యాండిల్ తిప్పింది నేనే.
రెండుసార్లు దగ్గి, అందుకుంది.
పొగ పల్చగా లేచింది,
ఎవరో అరటికాయ వేయిస్తున్న వాసన.
అందరూ గాలి పీల్చి మధ్యాహ్నం భోజనం మాటెత్తారు.

పదకొండు నిమిషాలు.
బ్రాగో గిన్నె పూర్తయింది,
ఆమె తర్వాతి పిల్ల గిన్నె సగంలో ఆగింది.
మిగతా సగం బంకు డీజిల్‌తో ఆడించాను.
డబ్బులు మొత్తానికీ తీసుకున్నాను.

వాడు వెళ్ళేటప్పుడు గ్లిజరిన్ నాకిచ్చాడు,
మిథనాల్ పోయేదాకా మరిగించి మరీ.
ఆ వారం సబ్బు మెత్తగా వచ్చింది.
ఎందుకని అడిగినవాళ్ళకి చెప్పలేదు.

ఇప్పుడు డొప్పలు కాల్చినప్పుడల్లా
బూడిద రెండు కుప్పలు పోస్తున్నాను.
ఒకటి గోనెపట్టా కప్పి, తడి తగలకుండా,
ఆ సంచి మళ్ళీ వస్తే ఉంటుందని.

పెద్ద కుప్ప మాత్రం సబ్బుకే.