మొరగని నెలలు

మా బూట్ల కొట్లో జీతగాణ్ణి నేనొక్కణ్ణే.
ఆ ఒక్క పేరు రాసి పంపడానికి
థర్జా హాల్డెన్‌బీ మే నెలలో మూడు రాత్రులు
కంప్యూటరు ముందు కూచుంది,
వేళ్లకి బంక, ముక్కు చివర కళ్లజోడు.
"అందింది, ధన్యవాదాలు" అని తెర మీద పడగానే
ఇద్దరికీ టీ పెట్టింది.

ఆ అందడం ఉత్త పరీక్షకట.
అసలు మీట దాని కింద ఇంకోటుందట.

సెప్టెంబరు చివర్లో, విట్బీ రేవు కనపడనంత మంచులో
కవరొచ్చింది: నెలకి వంద చొప్పున
నాలుగు వందల పౌండ్ల జరిమానా.
నెల్లాళ్లు మడమలు కొడితే నాకొచ్చేది
అంతకన్నా కాస్తే ఎక్కువ.

మిడిల్స్‌బ్రోలో ట్రిబ్యునలు.
మూతలేని నీళ్ల జగ్గు, పనిచెయ్యని హీటరు.
పన్నుల వాళ్ల కుర్రాడు తలెత్తకుండా సెక్షన్లు చదివాడు.
ఆవిడ లేచింది. తెచ్చుకున్న కాగితం మడత విప్పలేదు.

"తప్పు నాదే. మొదటి వంద రాసుకోండి.
దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరిగే కుక్క గురించి విన్నాను గాని,
మొరగని నెలలకి కూడా జీతమడిగే కుక్కని
ఇప్పుడే చూస్తున్నాను.
జూన్‌లో ఓ ఉత్తరం ముక్క పడేస్తే
జూన్‌లోనే నొక్కేదాన్ని కదా ఆ మీట!"

జడ్జీగారు పెన్నుకి మూత పెట్టి, మళ్లీ తీశారు.
తీర్పు ఆరు వారాల్లో పంపుతామన్నారు.

ఆలస్యమైతే వారానికెంత అని
నేను నోరు తెరవబోతే
థర్జా నా కాలు తొక్కింది,
నేనే సోలు వేసిన బూటుతో.