మొదటి రొట్టె

ఆదోని శాఖా గ్రంథాలయంలో
అట్ట ఊడిన నవల.
నూటపన్నెండో పేజీలో ఎవరో
ఒక్క వాక్యం కింద పెన్సిలు గీత గీసినారు:
నన్ను నేను ప్రేమించుకుంటే దొంగతనమా?

జిన్నింగు మిల్లు నుంచి వచ్చి
తలలో దూది ఏరుకుంటా చదివినా.
ఆ కథానాయకుడు కొండమీద ఒక్కడే ఉంటాడు,
గొప్పగా మాట్లాడతాడు.
వాని గుడ్డలెవరు ఉతుకుతారో
రాయలేదు.

అయినా ఆ గీత వదల్లేదు.

ఈపొద్దు పెనం మీద జొన్నరొట్టె పొంగింది.
ఇరవైరెండేండ్లుగా నాది
ఆఖరుది, అంచు మాడింది.
మొదటిది తుంచి
ఊరిబిండి అద్దుకొని
నిలబడే తిన్నా.

“ఉరుకుందీ, నా రొట్టె?”
“కాలుతాంది” అన్నా.
కాలింది నా నాలుక.
ఎవరి ఆకలీ పెరగలేదు ఇంట్లో.

పుస్తకం గడువు దాటి నాలుగు దినాలు.
ఫైను కడతాలే,
ఆ గీత కింద
నాదొకటి గీసినాంక.