చెలికత్తె పేరు

తప్పు నాదే.
కరెంటు పోయిన మధ్యాన్నం,
తీర్థకట్ట వీధిలో మా బైండింగు అంగడి
బొరుగుల బట్టీ మాదిరి కాగతా ఉండె.
మైదా బంకలో మైలుతుత్తం కలిపి పెట్టి
జేజినాయన సంగటి తినేదానికి పోయినాడు.
నా ముందర వెన్ను విరిగిన లైబ్రరీ పుస్తకాలు రెండు:
ఒకటి ముఖపత్రం చిరిగిన ప్రబంధం,
ఒకటి అట్టే లేని సముద్రం కథ.
దబ్బనం ఎత్తుకుంటిని.
నిద్రకండ్లతో ఐదో ఆశ్వాసాన్ని తీసుకపోయి
తుపానులో కుట్టేస్తిని.

రాత్రి సరిచూస్తా ఉంటే బయటపడింది.
వెన్నెట్లో రాకుమారి వేగిపోతా ఉంటే
పక్కన గంధం తీస్తా ఉన్న చెలికత్తె
ఆకు తిప్పేసరికి ఓడ మీద ఉండాది.
గిన్నె ఇంకా చేతిలోనే.
తెరచాప తాడు పట్టుకోమని ఎవురో అరిస్తే
పట్టుకునింది.

ప్రబంధంలో ఆ పిల్లకి పేరు లేదు.
చెలీ అంటే పలకాల. పొమ్మంటే పోవాల.
నాలుగు వందల పద్యాల్లో
దానికి ఆకలైనట్టు ఒక్క పాదం లేదు.
జాబు మోసింది, జవాబు మోసింది,
పెండ్లినాడు యాడుండెనో కవి చెప్పలా.

"కుట్లు ఇప్పు మే, పొద్దన్నే లైబ్రరీ ఆయన వస్తాడు."
ఇప్పితిని.
అప్పటికే అది
నా కెమిస్ట్రీ రికార్డులో మిగిలిన తెల్లకాయితాల్లోకి
దూకేసింది.

మొదటి అధ్యాయం: రేణిగుంట జంక్షను, రాత్రి రెండున్నర.
ఉప్పునీళ్ళు కారే పావడాతో గూడ్సుబండి దిగింది.
వెనకాల ఇద్దరు, వేరే పుస్తకాల్లోంచి పారిపోయి వచ్చినోళ్ళు.
ఒకడు విదూషకుడు, నాటకమంతా ఆకలని చెప్పి
ఒక్క ముద్దా తిననోడు.
ఇంకొకామె రాక్షసి,
చచ్చేదానికి మాత్రమే రెండు పేజీలు బతికే ఉద్యోగం.
ఆమెకి పదహారేండ్లని ఎవురూ రాయలా.
నేను రాస్తిని.

రెండో అధ్యాయంలో రాజభటులు బయలుదేరినారు.
చెలికత్తె లేకపోతే జాబు పోదు,
జాబు పోకపోతే పెండ్లి కాదు,
పెండ్లి కాకపోతే కవికి అగ్రహారం రాదు.
గుర్రాలకు స్టిక్కర్లు లేవని
టోల్‌గేటు కాడ గంటసేపు నిలబెట్టేసినారు.
అంతలో మావోళ్ళు టమాటా లారీ ఎక్కి
చంద్రగిరి కోట చేరిపోయినారు.
విదూషకుడు దోవంతా టమాటాలు తిన్నాడు.
ఏడస్తా తిన్నాడు.

రాక్షసి కోటగోడ మీద కాళ్ళు యాలాడేసుకోని
దూరంగా తిరుపతి లైట్లు చూస్తా అడిగింది:
"అన్ని ఇండ్లల్లోనూ మనుషులేనా?"
ఒక్కరినైనా తినాలని ఎప్పుడూ అనిపించలేదంట.
రాసినోళ్ళు ఊరికే రాసేసినారంట.

అప్పుడు కింద నుంచి టార్చిలైటు పడింది.
కానిస్టేబులు చెలికత్తెని అడిగినాడు: "పేరేంది మే?"

నా పెన్ను ఆన్నే నిలిచిపాయె.
తొమ్మిది దినాలు.
పూల పేర్లు పెడితిని, చందమామ పేర్లు పెడితిని,
తిరిగి కూడా చూడలా.
అవన్నీ రాకుమార్తెలు ఇడిచిన కోకలు.
నా పేరే, మునిచంద్రికని, ఇస్తానంటిని.
"నీకుండేది అదొకటే కదా, పెట్టుకో" అనింది.

పదో దినం కానిస్టేబులు జోబీలో పెన్ను
అదే లాక్కునింది.
ఇన్నేండ్లు ఒకరి అక్షరాలు మోసిన చేత్తో
పేజీ లోపలంచున, చిన్నగా,
రాసింది.

లైబ్రరీ పుస్తకాలు సరిగ్గానే ఇచ్చేస్తిమి.
ఒక్క ఆకు తప్ప. అది నా దగ్గరుండాది.
ఆ రాకుమారి ఇంకా ఎదురు చూస్తా ఉంటాదేమో,
గంధం తనే తీసుకుంటాదిలే.

నా రికార్డుకి జేజినాయన ఎర్ర క్యాలికో అట్ట వేసిచ్చినాడు.
చదవలేదంటాడు.
కోట అధ్యాయం కాడ బంక వేలిముద్ర ఉండాది.
ఆ పేజీ తెరిస్తే, పేరు కుట్టులోకి పోయింది.
మొదటక్షరం తలకట్టు ఒక్కటే కనిపిస్తా ఉండాది.
వెన్ను విరిస్తే గానీ చదివేదానికి కాదు.

"ఇంకో అరంగుళం వదిలుండాల్సింది" అంటా
ఆయన, కత్తెర యాడ పెట్టినాడో ఎతుక్కుంటా ఉండాడు.