అరంగుళం

అల్లిపురంలో మా పైడమ్మత్త కుట్టుమిషను మీద
మూడు తరాల చేతులు నడిచాయి:
బుట్ట చేతులు, మోచేతి దాకా జరీ చేతులు,
ఇప్పుడు చేతులే లేనివి.

"అచ్చం ఆవిడకున్నట్టే కుట్టాలి."
పాటల పుస్తకం అట్ట చూపించి ఒకామె,
వారపత్రిక నడిమి పేజీ చింపుకొచ్చి ఆమె కూతురు,
ఫోనులో వీపుని రెండు వేళ్లతో పెద్దది చేసి మనవరాలు.

అత్త ముగ్గురికీ అడక్కుండానే
అరంగుళం వదులుంచింది.

ఎందుకని అడిగితే ఒక్కసారే చెప్పింది:
భీమిలి రోడ్డులో షూటింగు. హుక్కు తెగితే
జీపులో తీసుకుపోనారు నన్ను.
గొడుగు కింద వీపు తిప్పి కూకుంది ఆ హీరోయిన్.
పూసిన రంగు అడుగున నిండా చెమటకాయలు,
మన గుంటలకి లేస్తాయే, అవే.
"ఊపిరాడట్లేదక్కా, కాస్త వదులు చెయ్యవా" అంది.
ముడత పడతాదన్నారెవులో.
బిగించి కుట్టీసి దారం పంటితో తెంపినాను.
నా ఊపిరి తగిలి కితకితలేమో, నవ్వీసింది.

ఆ నవ్వు కోసం జగదాంబ సెంటర్లో మూడాటలు సూసినాను.
లేదు.

"ఇంకా టైటుగా మామ్మా" అంటోంది మనవరాలు.
"సరేనమ్మా" అంటూ అత్త
సుద్దముక్కతో గీత
కొంచెం అవతలగా గీస్తోంది.